మూడు గంటల గడువు: రక్తస్రావాన్ని అదుపుచేసే ఒక సూదిమందు చరిత్ర

రక్తస్రావాన్ని ఆపే సూదిమందు ఏదైనా ఉన్నదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఉన్నది. దాని పేరు ట్రానెగ్జామిక్ ఆమ్లం. కానీ అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి మేలు చేస్తుందో వైద్యలోకం తెలుసుకొనడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందో తెలిస్తే ఈ మందును సురక్షితంగా వాడడమంటే ఏమిటో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసాన్ని చరిత్రతో మొదలుపెడుతున్నాను.

దానికి ముందు ఒక జ్ఞాపకం. 1980ల తొలినాళ్ళలో నేనొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉన్నాను. ఒకనాటి మధ్యాహ్నం ఒక బాలింతను ఎడ్లబండిలో తీసుకొని వచ్చారు. తెల్లవారుజామున ఇంటిలోనే మంత్రసాని చేతిలో కాన్పు జరిగింది, మాయ కూడా పడింది, కానీ రక్తం ఆగలేదు. గర్భాశయాన్ని మర్దన చేశాము, మెథర్జిన్ ఇచ్చాము, రెండు చేతులకూ సెలైన్ ఎక్కించాము. రక్తనిధి ఉన్నది జిల్లా కేంద్రంలో. జీపులో బయలుదేరదీశాము. సగం దారి దాటకముందే ఆమె ప్రాణం పోయింది. ఆమె తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నది.

ఆ రోజుకు ట్రానెగ్జామిక్ ఆమ్లం కనుగొని ఇరవై ఏళ్ళు కావస్తున్నది. మా కేంద్రంలో అది లేదు. ఉన్నా, బాలింతకు ఇవ్వవచ్చునని నాకు ఎవరూ నేర్పలేదు. ఎవరికీ తెలియని విషయాన్ని ఎవరు నేర్పగలరు?

ఇక చరిత్రకు వద్దాము. రెండవ ప్రపంచయుద్ధం తరువాత చితికిపోయి ఉన్న జపానులో ఉటాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో అనే వైద్య దంపతులు పరిశోధనకు విషయం వెదుకుతున్నారు. ధనము లేదు, సామగ్రి లేదు. రక్తాన్ని ఎంచుకొనడానికి వారికి ఒక కారణం, కొరత వచ్చినప్పుడు తమ రక్తాన్నే వాడుకోవచ్చునన్నది! బిడ్డను చూసుకొనేవారు లేక ఉటాకో కుమార్తెను వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసేది. కాన్పు తరువాత రక్తస్రావంతో మరణించే తల్లుల సమస్య ఆమె మనస్సులో మొదటినుండీ ఉన్నది.

వారు వెదకినది రక్తాన్ని గడ్డకట్టించే మందు కాదు, గడ్డ కరిగిపోకుండా కాపాడే మందు. ఈ భేదాన్ని పాఠకులు గ్రహించాలి. చెరువుకట్టకు గండి పడితే ఊరివారు కంపా రాళ్ళూ వేసి, వాటి మీద మట్టి పోసి పూడ్చుతారు. రక్తనాళం తెగినప్పుడు ఫైబ్రిన్ అనే మాంసకృత్తి పోగులు ఆ కంపవలె అల్లుకొని రక్తకణాలను పట్టి నిలుపుతాయి. అదే సమయంలో ప్లాస్మిన్ అనే మరొక పదార్థం ఆ పోగులను తెంచివేస్తుంటుంది. మామూలు రోజుల్లో అదీ అవసరమే, లేకుంటే రక్తనాళాలు పూడిపోతాయి. కానీ పెద్ద గాయాలలోనూ, కాన్పు సమయంలోనూ కొందరిలో ఈ తెంపే పని మితిమీరుతుంది. ఒకవైపు పూడ్చుతుండగా మరొకవైపు కంపను లాగివేసినట్లవుతుంది.

ప్లాస్మిన్‌కు మూలమైన ప్లాస్మినోజెన్ ఫైబ్రిన్ మీద ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకొని నిలుస్తుంది. లైసిన్‌ను పోలిన పదార్థంతో ఆ పట్టును ముందే నింపివేస్తే పోగులు తెగవు. ఈ దారిలో ఒకమోటో దంపతులు మొదట ఎప్సిలాన్ అమైనోకాప్రోయిక్ ఆమ్లాన్ని గుర్తించారు. తరువాత దానికంటె 27 రెట్లు బలమైన పదార్థాన్ని కనుగొని 1962లో ప్రకటించారు. అదే మన ట్రానెగ్జామిక్ ఆమ్లం.

కాన్పు తరువాతి రక్తస్రావంలో దీనిని పరీక్షించవలసినదిగా ఉటాకో కోబే నగరంలోని ప్రసూతి వైద్యులను ఒప్పించాలని చూసింది. వారు ముందుకు రాలేదు. మందు మాత్రం మరుగున పడలేదు. అధిక ఋతుస్రావానికి, హీమోఫీలియా రోగులకు పన్ను తీసేటప్పుడు, కొన్ని శస్త్రచికిత్సలలో వాడుతూనే వచ్చారు. మేమూ దానిని అంతవరకే చదువుకొన్నాము. ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావంలో అది మరణాన్ని తప్పిస్తుందా అన్న ప్రశ్నను పెద్దయెత్తున పరీక్షించినవారు లేరు. చవకైన పాత మందు కనుక దాని మీద ధనం వెచ్చించే ఉత్సాహమూ ఎవరికీ లేకపోయింది.

చివరకు లండన్‌లోని స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు ఆ పనికి పూనుకొన్నారు. క్రాష్-2 అనే పరిశీలనలో 40 దేశాలలోని 274 ఆసుపత్రులలో, ప్రమాదాలలో గాయపడి రక్తం కోల్పోతున్న 20,211 మందిని చేర్చారు. పాల్గొన్న దేశాలలో మన దేశమూ ఉన్నది. 2010లో ఫలితాలు వెలువడ్డాయి. మందు పొందినవారిలో మరణాలు 14.5 శాతం, పొందనివారిలో 16 శాతం. భేదం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ప్రపంచంలో ప్రతి సంవత్సరమూ ఎందరు గాయాలతో మరణిస్తున్నారో తలచుకొంటే అది చిన్నది కాదు. మరుసటి సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఆ లెక్కలలో మరొక సత్యం బయటపడింది. గాయపడిన గంటలోపల మందు పొందినవారిలో రక్తస్రావ మరణాలు సుమారు మూడవ వంతు తగ్గాయి. మూడు గంటలలోపల ఇచ్చినా మేలు కనిపించింది. మూడు గంటలు దాటిన తరువాత ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు తగ్గకపోగా పెరిగాయి! ఒకే మందు, ఒకే మోతాదు. గడియారం మాత్రమే వేరు.

ఉటాకో అడిగిన ప్రశ్నకు ఊమన్ అనే పరిశీలన సమాధానం చెప్పింది. 21 దేశాలలో 193 ఆసుపత్రులలో, కాన్పు తరువాత రక్తస్రావమవుతున్న 20,060 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. మూడు గంటలలోపల మందు పొందినవారిలో రక్తస్రావ మరణాలు 1.7 శాతం నుండి 1.2 శాతానికి, అంటే సుమారు మూడవ వంతు తగ్గాయి. గడ్డలు రక్తనాళాలను మూసివేస్తాయన్న భయానికి ఆ స్త్రీలలో ఆధారం కనపడలేదు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఉటాకో ఒకమోటో అంతకు ఒక సంవత్సరం ముందు, 2016 ఏప్రిల్‌లో, 98వ ఏట కన్నుమూసింది. తన మందు తల్లులను బ్రతికించిందన్న వార్త ఆమె వినలేదు.

ఇంత చదివిన పాఠకులకు, ఎటువంటి రక్తస్రావానికైనా ఈ సూదిమందు ఇస్తే సరిపోతుంది కదా అని తోచవచ్చు. వైద్యులకూ అలాగే తోచింది. కడుపు, ప్రేగులలో తీవ్ర రక్తస్రావమైన సుమారు 12,000 మందిలో హాల్ట్-ఐటి అనే పరిశీలన చేశారు. అక్కడ మరణాలు తగ్గలేదు. పైగా సిరలలో రక్తపు గడ్డలు, మూర్ఛలు ఎక్కువయ్యాయి. ఆ ఫలితం 2020లో తెలిసింది. ఒకచోట ప్రాణదాత అయినది మరొకచోట నిష్ప్రయోజకమై, కొంత హాని కూడా చేసింది.

కనుక దీనిని సురక్షితంగా వాడడానికి వైద్యులు పాటించే నియమాలను మీరూ తెలుసుకొనడం మంచిది. కాన్పు తరువాతి రక్తస్రావంలో ఒక గ్రాము మందును సిరలోకి పది నిమిషాల వ్యవధిలో మెల్లగా ఎక్కించాలి. త్వరపడితే రక్తపుపోటు పడిపోవచ్చు. అరగంట తరువాత కూడా రక్తస్రావం సాగుతుంటే, లేక ఇరవై నాలుగు గంటలలోపల తిరిగి మొదలయితే, రెండవ గ్రాము ఇవ్వవచ్చు. కాళ్ళ సిరలలోగాని ఊపిరితిత్తులలోగాని రక్తపు గడ్డలున్నవారికి, మూర్ఛవ్యాధి ఉన్నవారికి దీనిని ఇచ్చే ముందు వైద్యులు చాలా ఆలోచించాలి. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాలి.

అన్నిటికంటె ఘోరమైన పొరపాటు ఒకటున్నది. శస్త్రచికిత్సకు ముందు వెన్నులోనికి ఇచ్చే మత్తుమందు యాంపూలు, ఈ మందు యాంపూలు చూడడానికి ఒకేవిధంగా ఉండవచ్చు. తొందరలో ఒకదానికి బదులు మరొకటి వెన్నులోనికి ఎక్కించిన సంఘటనలు ఉన్నాయి. అది వెన్నుపాముకు విషం. తీవ్రమైన మూర్ఛలు వస్తాయి, అలా జరిగినవారిలో సుమారు సగం మంది మరణిస్తారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని గురించి హెచ్చరిక చేసింది. ఈ రెండు మందులను ఒకే ట్రేలో ఉంచకూడదు, ఎక్కించే ముందు పేరు చదవాలి. ఆపరేషన్ గదులలో పనిచేసే నా తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది నా వేడుకోలు.

మరొక మాట. ఈ మందు కంపను లాగేవానిని ఆపుతుంది, గండిని తాను పూడ్చదు. గర్భాశయం ముడుచుకొనడానికి ఆక్సిటోసిన్, చిరుగులకు కుట్లు, పోయిన రక్తానికి రక్తం, ఇవన్నీ కావలసినవే. వాటితోపాటే ఇది.

నా జ్ఞాపకంలోని ఆ బాలింత విషయానికి మరల వస్తాను. ఇప్పటి విజ్ఞానంతో ఆమెను బ్రతికించగలిగేవాడినా అని చాలాసార్లు ప్రశ్నించుకొన్నాను. నా జవాబు నాకే చేదుగా ఉంటుంది. తెల్లవారుజామున కాన్పయి, మధ్యాహ్నానికి నా యొద్దకు చేరింది. మూడు గంటల గడువు దారిలోనే గడచిపోయింది. నా అలమారలో ఆ మందు ఉండి ఉన్నా ఆమెకు ఇచ్చే వేళ మించిపోయి ఉండేది. ఆమెకు కావలసినది ఒక్క మందే కాదు, సకాలంలో ఆసుపత్రి.

ఇప్పుడు ఆనాటి ఎడ్లబండ్లు లేవు. మన రాష్ట్రాలలో 2005 నుండి 108 వాహనాలు తిరుగుతున్నాయి. కాన్పు ఆసుపత్రిలోనే జరిపించండి. కాన్పు తరువాతగాని ప్రమాదం తరువాతగాని రక్తం ఆగకపోతే, కొంచెంసేపు చూద్దామని వేచి ఉండవద్దు. రక్తస్రావం ఎప్పుడు మొదలయిందో గడియారం చూసి గుర్తుపెట్టుకొని వైద్యులకు చెప్పండి. రక్తపు గడ్డలు, మూర్ఛ, మూత్రపిండాల వ్యాధి ఉంటే అదీ చెప్పండి. ఊరిలో ఎవరిచేతనో సూది వేయించుకొని ఇంట కూర్చొనవద్దు. ప్రతి పావుగంట ఆలస్యానికీ ఈ మందు చేసే మేలు సుమారు పదవ వంతు తగ్గిపోతుందని లెక్కకట్టారు.

మందు కనుగొనడానికి, పరీక్షించడానికి పట్టిన కాలం శాస్త్రజ్ఞులది. రోగిని ఆసుపత్రికి చేర్చడానికి పట్టే కాలం మనది. దానిని మనమే తగ్గించాలి.