ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చినా లెక్చరు ఎందుకు అర్థం కాదు?

అమలాపురం, భీమవరం, రాజమండ్రి వైపు నుంచి ఎంఎస్ చదవడానికి అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ వెళ్లే పిల్లల్ని ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది స్కోరు గురించే. స్కోరు వచ్చిందంటే ఇంగ్లీషు గండం గడిచినట్టేనని లెక్క. అక్కడ మొదటి నెల క్లాసులో కూర్చున్నాక గానీ అసలు సంగతి తెలియదు.

ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ పరీక్షలో 4 భాగాలు, 40 ప్రశ్నలు. రికార్డింగు అంతా కలిపి సుమారు 30 నిమిషాలు. అందులో లెక్చరు లాంటిది నాలుగో భాగం ఒక్కటే, అదీ కొద్ది నిమిషాలే. పైగా ప్రశ్నలు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి దేనికోసం వినాలో ముందే తెలుసు. యూనివర్సిటీలో అలా కాదు. గంటసేపు విరామం లేకుండా వినాలి, స్లైడు చూడాలి, నోట్సు రాసుకోవాలి, ఏది ముఖ్యమో తనకు తానే తేల్చుకోవాలి. మాస్టర్స్‌కు ఎక్కువ చోట్ల 6.5 అడుగుతారు. సీటు ఇవ్వడానికి అది సరిపోతుంది. పాఠమంతా అర్థమవుతుందన్న హామీ మాత్రం అందులో లేదు.

ఇక్కడి చదువు తీరు కూడా దీనికి ఒక కారణం. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో పుస్తకం ఇంగ్లీషులో, వివరణ తెలుగులో. పరీక్ష రాసేది ఇంగ్లీషులోనే అయినా, నాలుగేళ్లూ చెవిన పడేది తెలుగే. కంటికి తెలిసిన మాట చెవికి తెలియదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. అరబీ అక్షరాలు చక్కగా చదివే పిల్లవాడికి కువైట్ బజారులో మాట్లాడే అరబీ ఒక్కముక్క అర్థం కాకపోవడం మన ఇళ్లలో చూసిందే. ఇదీ అలాంటిదే.

గల్ఫ్‌లో పదిహేనేళ్లు చేసి వచ్చిన చాచా ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు, కాబట్టి పిల్లవాడికీ నెలరోజుల్లో అదే వచ్చేస్తుందని కొందరి ధీమా. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979లోనే ఈ రెండిటినీ విడదీసి చెప్పారు. వలస కుటుంబాల పిల్లలకు రోజువారీ మాటల భాష సుమారు రెండేళ్లలో వస్తుందని, చదువుకు కావలసిన భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన అన్నారు. ఆయన చెప్పింది బడి పిల్లల గురించే అయినా తేడా ఇక్కడా అదే.

ఇక యాస. అమెరికన్ నోట ‘డేటా’ కాస్తా ‘డేడా’ అవుతుంది. ‘షెడ్యూల్’ను ‘స్కెజూల్’ అంటారు. ‘జెడ్’ అక్షరం ‘జీ’ అయిపోతుంది. వీటికి కొన్ని వారాల్లో చెవి అలవాటు పడుతుంది.

అంతకంటే దెబ్బతీసేది మర్యాద. బ్రిటన్‌లో ప్రొఫెసర్ ‘యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్ అగైన్’ అంటే మనవాడు అదేదో సలహా అనుకుని వదిలేస్తాడు. చాలాసార్లు దాని అర్థం ‘ఇది బాగాలేదు, మార్చి తీసుకురా’ అని. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే సుమారు లెక్క. బేస్‌బాల్ ఎరగని కోనసీమ కుర్రాడికి అది ఎలా తడుతుంది?

మన ఇంగ్లీషూ అక్కడ తికమక పెడుతుంది. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న. అక్కడివాళ్లకు మాత్రం చెప్పినదాని మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అంటే స్పృహ తప్పి పడిపోయాడని నవ్వుకుంటారు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే చాలు. అసలు ఆ ప్రశ్న అడగడమే కష్టం. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అనడం చిన్నప్పటి నుంచి అలవాటు కదా! అక్కడ నోరు విప్పనివాడికి అంతా వచ్చనే అనుకుంటారు.

ఏది పనిచేస్తుంది? లెక్చరులో ‘ఇప్పుడు రెండో కారణం చూద్దాం’ లాంటి దారి చూపే మాటలు ఉంటే విదేశీ విద్యార్థులకు బాగా అర్థమవుతుందని చాడ్రన్, రిచర్డ్స్ 1986లో చూపించారు. పిల్లలు చెవి పెట్టాల్సిందీ ఆ మాటల దగ్గరే. అన్ని సబ్జెక్టుల్లోనూ తగిలే 570 పదకుటుంబాలను న్యూజిలాండ్‌కు చెందిన అవరిల్ కాక్స్‌హెడ్ 2000లో జాబితా చేశారు. అది ఉచితంగానే దొరుకుతుంది. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో తమ సబ్జెక్టు పాఠాన్ని ముందు సబ్‌టైటిల్స్ లేకుండా, తర్వాత వాటితో వింటే ఎక్కడ తప్పిపోతున్నామో తెలిసిపోతుంది. వీసా కోసం ఎదురుచూసే మూడు నెలల్లో రోజుకొకటి వినవచ్చు.

డబ్బు సంగతీ ఇందులోనే ఉంది. మైనారిటీ విద్యార్థుల విద్యా రుణాలకు కేంద్రం ఇచ్చిన ‘పఢో పరదేశ్’ వడ్డీ రాయితీ 2022-23 నుంచి ఆగిపోయింది. అప్పు మొత్తం ఇంటి మీదే. చాలా అమెరికా యూనివర్సిటీల్లో మాస్టర్స్‌లో సగటు 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలి. మొదటి సెమిస్టరులోనే జారితే పైకి తేవడం కష్టం. అందుకే ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి ఈమెయిల్ రాసి రెండు విషయాలు అడగాలి: లెక్చర్ల రికార్డింగులు విద్యార్థులకు ఇస్తారా, కోర్సుకు ముందు ఇంగ్లీషు తరగతులు ఉన్నాయా, ఉంటే వాటికి విడిగా ఎంత కట్టాలి. కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది కాకుండా, యూనివర్సిటీ నుంచి వచ్చిన జవాబునే దాచుకోవాలి.