విద్యుత్ నిర్వహణ ఇంజనీరు (కర్మాగారం)

కర్మాగారంలోని ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెళ్లు, మోటార్లు, కేబుళ్ల బాగోగులు చూసే బాధ్యత విద్యుత్ నిర్వహణ ఇంజనీరుది. భారతదేశంలో పెద్ద కర్మాగారాలకు కరెంటు సాధారణంగా 11 లేదా 33 కిలోవోల్టుల వద్ద వస్తుంది; దాన్ని సుమారు 415 వోల్టులకు తగ్గించి యంత్రాలకు ఇస్తారు.

ఎక్కువ పని మోటార్లతోనే. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడుస్తున్న మోటారు తరచు ఆగదు; మిగిలిన రెండింటి నుంచి అధిక కరెంటు లాగుతుంది. ఓవర్‌లోడ్ రిలే పడకపోతే వైండింగ్ కాలిపోతుంది. కాలినదాన్ని మార్చడం సగం పనే. ఫ్యూజు పోయిందా, కాంటాక్టరు అరిగిందా, టెర్మినల్ వదులైందా అన్నది తేల్చకపోతే కొత్త మోటారుకూ అదే గతి.

మరమ్మతుకు ముందు బ్రేకరు ఆపి, తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించి, కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకుంటారు. ఈ మోటార్ల ఇన్సులేషన్‌ను సాధారణంగా 500 వోల్టుల మెగ్గరుతో కొలుస్తారు. రీడింగు 1 మెగోమ్ కన్నా తక్కువ ఉంటే, కారణం తెలిసేదాకా స్విచ్ వేయరు.