చిప్పులో మిగిలిన వేగం

1984లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఏటీ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద, చిన్న లోహపు డబ్బీలో ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉండేది. సెకనుకు కోటీ ఇరవై లక్షల సార్లు కంపించే ఆ స్ఫటికమే ప్రాసెసర్‌కు గడియారం. అందులో సగం, అంటే 6 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 80286 నడిచే వేగం. స్ఫటికాన్ని టంకం వేసి అతికించకుండా సాకెట్‌లో గుచ్చి వదిలేశారు. కొన్నవాళ్లలో కొందరు మూత విప్పి, దాన్ని పీకేసి, 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెట్టి చూశారు. ప్రాసెసర్ 8 మెగాహెర్ట్జ్ దగ్గర నిక్షేపంగా పనిచేసింది. వేల డాలర్ల యంత్రం కొద్దిపాటి ఖర్చుతో మూడో వంతు అదనపు వేగం పుంజుకుంది. ఐబీఎంకు ఇది మింగుడు పడలేదు. యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాం అయిన బయోస్‌లో, తర్వాతి ఏటీలకు గడియారాన్ని తనిఖీ చేసే కోడ్ చేర్చింది. వేగం హద్దు దాటిందంటే యంత్రం మొదలయ్యేదే కాదు. చిప్పును కంపెనీ చెప్పిన వేగాన్ని మించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. దాని చరిత్ర పొడవునా సాగింది ఈ పెనుగులాటే. చిప్పులో మిగులు వేగం ఉంది. అది కొన్నవాడిదా, చేసినవాడిదా?

ఆ మిగులు ఎందుకుంటుందో తెలిస్తేనే తక్కిన కథ అర్థమవుతుంది. ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన వందల చిప్పుల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. కొన్నిట్లో ట్రాన్సిస్టర్లు చురుగ్గా ఉంటాయి, కొన్నిట్లో మందకొడిగా. ఫ్యాక్టరీ ఒక్కోదాన్నీ పరీక్షించి వేగాల వారీగా వేరుచేస్తుంది. పైన ముద్రించే అంకె ఆ చిప్పు చేరగల గరిష్ఠ వేగం కాదు. గాలి సరిగా ఆడని డబ్బాలో, ఎండాకాలంలో, వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా ఏళ్ల తరబడి తప్పు చేయకుండా నడుస్తుందని కంపెనీ పూచీ పడే వేగం అది. దీనికి బజారు లెక్క తోడవుతుంది. తయారీ మెరుగుపడేకొద్దీ మంచి చిప్పులే ఎక్కువ వస్తాయి, గిరాకీ మాత్రం చవక వాటికి ఉంటుంది. అప్పుడు గట్టి చిప్పు మీదే చిన్న అంకె వేసి అమ్మక తప్పదు.

1992లో వచ్చిన ఇంటెల్ 486 డీఎక్స్2తో ప్రాసెసర్ లోపలి వేగం, తక్కిన భాగాలతో దాన్ని కలిపే బస్ వేగం వేరుపడ్డాయి. బస్ 33 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటే లోపల మల్టిప్లయర్ దాన్ని రెట్టింపు చేసి 66కు చేర్చేది. ఈ సంగతి దొంగ వ్యాపారులకూ పనికొచ్చింది. తక్కువ వేగం పెంటియంల మీది ముద్ర చెరిపి పెద్ద అంకె వేసి అమ్మేవారు. ఇంటెల్ మల్టిప్లయర్‌కు తాళం వేసింది. ఇక కదిలించడానికి మిగిలింది బస్ ఒక్కటే.

అక్కడే ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ వచ్చింది. 1998 ఏప్రిల్‌లో వచ్చిన తొలి సెలెరాన్‌లో ఎల్2 క్యాష్ అనే వేగవంతమైన చిన్న మెమరీ అసలు లేదు, సమీక్షకులు దుమ్మెత్తిపోశారు. ఆగస్టులో విడుదలైన 300ఏలో 128 కిలోబైట్ల క్యాష్‌ను ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్క మీదే పెట్టారు, ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో నడిచేలా. అదే రోజు విడుదలైన పెంటియం 2-450లో 512 కిలోబైట్లు ఉన్నా, అవి పక్కన విడి చిప్పుల్లో సగం వేగంతో నడిచేవి. రెండు ప్రాసెసర్లూ 0.25 మైక్రాన్ పద్ధతిలోనే తయారయ్యాయి. ఒకటి 149 డాలర్లు, రెండోది 669. చవకదాని మల్టిప్లయర్ 4.5, బస్ 66. బస్‌ను 100 చేస్తే సరిగ్గా 450.

ఈ 100 అనే అంకెలో ఉన్న సుఖం అప్పట్లో చేతులు కాల్చుకున్నవాళ్లకు బాగా తెలుసు. డిస్క్ కంట్రోలర్, సౌండ్ కార్డు వంటివి పీసీఐ బస్ మీద 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. ప్రధాన బస్ 66 అయితే దాన్ని రెండుతో భాగిస్తే 33 వస్తుంది. బస్‌ను 83కు పెంచి ఊరుకుంటే పీసీఐ 41 దాటి, హార్డ్ డిస్కులో రాసిన ఫైళ్లే పాడయ్యేవి. 100 దగ్గర మదర్‌బోర్డు మూడుతో భాగిస్తుంది, పీసీఐ మళ్లీ 33కే వస్తుంది. ప్రాసెసర్ ఒక్కటే వేగం పుంజుకుంటుంది, చుట్టూ ఉన్నవాటికి ఆ ఊసే తెలియదు. తైవాన్ కంపెనీ ఎబిట్ చేసిన బీహెచ్6 బోర్డులో ఈ మార్పును, వోల్టేజీనీ బయోస్ తెరమీదే చేసుకోవచ్చు. ఆ వీలు లేని బోర్డులకు ప్రాసెసర్ కార్ట్రిడ్జ్ మీద బీ21 అనే కాంటాక్టును సన్నని టేపు ముక్కతో కప్పేవారు. ఇది 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసరే అని బోర్డు నమ్మేది. డబ్బులేని కుర్రాళ్లకు అంత న్యాయంగా దక్కిన యంత్రం మరొకటి నాకు తట్టదు.

450 దగ్గర మొండికేసిన చిప్పులకు మందు వోల్టేజీ. 2.0 వోల్టులను 2.2 చేస్తే చాలావరకు దారికొచ్చేవి. గడియారం ఒక్క టిక్కుకీ మరో టిక్కుకీ మధ్య సంకేతం వరసగా ఎన్నో ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి. వోల్టేజీ పెంచితే ఒక్కో ట్రాన్సిస్టర్ త్వరగా మారుతుంది, సంకేతం వేళకు చేరుతుంది. అయితే ఖర్చయ్యే శక్తి వేగంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 300 నుంచి 450 అంటే ఒకటిన్నర రెట్లు. 10 శాతం పెరిగిన వోల్టేజీని, అంటే 1.1ను, వర్గం చేస్తే 1.21. రెండూ గుణిస్తే 1.8 పైనే. ఆ శక్తి అంతా వేడే. వేడెక్కిన ట్రాన్సిస్టర్ ఆగి ఉన్నప్పుడూ కరెంటు కార్చేస్తుంది, ఆ కారే కరెంటు మళ్లీ వేడి పుట్టిస్తుంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు వేగం గురించి కన్నా వోల్టేజీ గురించి ఎక్కువ మాట్లాడతారు.

2000లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ అమ్మిన అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల పైభాగాన ఎల్1 అని రాసిన చోట తెగ్గొట్టిన సన్నటి లోహపు గీతలు బయటికే కనిపించేవి. మామూలు పెన్సిలుతో వాటిని కలిపితే గ్రాఫైట్ కరెంటును మోసేది, మల్టిప్లయర్ తాళం ఊడిపోయేది. కానీ ఆ అథ్లాన్లకు వేడి నుంచి తమను తాము కాపాడుకునే ఏర్పాటు లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీదినుంచి హీట్‌సింక్ తీసేసి వీడియో తీశారు. అథ్లాన్ క్షణాల్లో పొగ కక్కి చచ్చిపోయింది, పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది. ప్రాసెసర్ తన ఉష్ణోగ్రత తాను చూసుకోవడం ఎంత అవసరమో ఆ వీడియో అందరికీ చూపించింది.

పెంటియం 4కూ గండం వేరే రూపంలో వచ్చింది. నార్త్‌వుడ్ రకం చిప్పులకు 1.7 వోల్టులు దాటించినవాళ్లలో కొందరికి, చల్లగానే ఉన్న ప్రాసెసర్ వారాల్లోనో నెలల్లోనో ఉన్నట్టుండి చచ్చిపోయేది. దీనికి ఎలక్ట్రోమైగ్రేషన్ కారణమని ఎక్కువమంది అనుకున్నారు. వరద ఏటిగట్టును కోసినట్టు, సన్నని లోహపు తీగలోని పరమాణువులను ఎలక్ట్రాన్ల ప్రవాహం నెట్టుకుపోవడమే ఎలక్ట్రోమైగ్రేషన్. కరెంటు సాంద్రతనూ ఉష్ణోగ్రతనూ బట్టి తీగ ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పే సమీకరణాన్ని మోటరోలాలో జేమ్స్ బ్లాక్ 1969లోనే ఇచ్చారు. అదనపు వోల్టేజీ వెల ఆ రోజే కనపడనక్కర్లేదు, దాన్ని చిప్పు ఆయుష్షులోంచి కూడా చెల్లించాల్సి రావచ్చు.

మరోపక్క పోటీలు సాగాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి, అదీ చాలక ద్రవ హీలియం పోసి, 2011లో ఏఎండీ ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్‌ను 8.429 గిగాహెర్ట్జ్‌కు చేర్చారు. 2022 చివర్లో ఇంటెల్ 13900కే 9 గిగాహెర్ట్జ్ దాటింది. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ ఆ వేగం నిలిచేది కొద్దిసేపే. నాకు ఇంట్లో చేసుకునే పని మీదే గౌరవం ఎక్కువ. 100 మెగాహెర్ట్జ్ పెంచి ప్రైమ్95 పెడతారు. 1996 నుంచీ పెద్ద ప్రధాన సంఖ్యలను వెతుకుతున్న ఆ ప్రోగ్రాం, ఒక్క కోర్ ఒక్క గుణకారం తప్పినా రౌండింగ్ లోపం అని చెప్పి దాన్ని ఆపేస్తుంది. అప్పుడు వోల్టులో వందో వంతు పెంచి మళ్లీ మొదలుపెడతారు. గది సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యాన్ గాలి ఏ చిప్పునూ గది కంటే చల్లగా చేయలేదు. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలిచిన ప్రాసెసర్, మే నెలలో విజయవాడలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 90 దాటుతుంది. డిసెంబరులో కుదిర్చిన సెట్టింగును మేలో మళ్లీ పరీక్షించాల్సిందే.

2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌లో అన్ని గడియారాలనూ ఒకే 100 మెగాహెర్ట్జ్ మూలానికి కట్టేసింది. దాన్ని ఐదు శాతం పెంచినా ఏదో ఒకటి మొరాయించేది. బస్ దారి మూసుకుపోయింది. పేరు చివర 'కే' ఉన్న మోడళ్లకు మాత్రం మల్టిప్లయర్ తాళం తీసి, కాస్త ఎక్కువ ధరకు అమ్మింది. 3.3 గిగాహెర్ట్జ్ 2500కే మంచి హీట్‌సింక్‌తో 4.5 దాకా వెళ్లేది కాబట్టి ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదు. కానీ చవక చిప్పు కొని ఖరీదైన చిప్పు పని చేయించుకునే రోజులు దాదాపు పోయాయి.

అసలు మార్పు 2008లోనే టర్బో బూస్ట్‌తో మొదలైంది. ఉష్ణోగ్రత, కరెంటు చూసుకుంటూ ప్రాసెసరే తన వేగం పెంచుకోవడం నేర్చింది. ఏటేటా ఆ లెక్క బిగుసుకుంటూ, మిగులు మొత్తం ఫ్యాక్టరీ చేతిలోకి వెళ్లింది. కొందరు చేతిపని పోయిందని బాధపడతారు. నేనూ కొంత బాధపడతాను. కానీ హద్దుల మీద నడవడంలోని ప్రమాదమూ మిగులుతోపాటే ఫ్యాక్టరీకి వెళ్లింది. 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎవరూ ముట్టుకోకపోయినా తడబడి ఆగిపోతుంటే, చిప్పు తనకు తానే అతిగా వోల్టేజీ అడుగుతోందని ఇంటెల్ ఒప్పుకుంది. 2024 ఆగస్టులో 1.55 వోల్టుల దగ్గర కట్టడి చేసే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది.

ఇప్పుడు బయోస్‌లోకి వెళ్లేవాళ్లలో చాలామంది వోల్టేజీని తగ్గించడానికే వెళ్తున్నారు. ఏఎండీ రైజెన్లలో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో ఒక్కో కోర్‌కూ విడిగా, మెట్టుకు 3 నుంచి 5 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించవచ్చు. వేడి తగ్గితే ఆ చోటులో ప్రాసెసరే వేగం పెంచుకుంటుంది. ఒక కోర్ 30 మెట్లు దిగినా చెక్కుచెదరదు, పక్క కోర్ 10 మెట్ల దగ్గరే తప్పు చేస్తుంది. సాధారణంగా తొందరగా తప్పేది ఫ్యాక్టరీ మేలైనదని గుర్తుపెట్టిన కోరే. దానికి మొదటినుంచీ తక్కువ వోల్టేజీయే ఇచ్చి ఉంటారు, ఇంక తగ్గించడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ మిగలదు.