పెర్మకోక్: కొమ్ముల ఆట ఎవరు పిలిస్తే ఆడాలి

రాజమండ్రి, కాకినాడ వైపు జంతువు వేషం అంటే ముందుగా గుర్తొచ్చేది పులివేషం. దసరాకు, పీర్ల పండుగకు ఒంటికి పసుపు రంగు పూసుకుని, నల్ల చారలు దిద్దుకుని, డప్పు దెబ్బకు ఎగిరే పులి అది. గోదావరికి ఎదురు వెళ్లి పాపికొండలు దాటితే మా కోయ ఊళ్లలో ఆడేది పులి కాదు, అడవిదున్న. దాన్ని మా భాషలో పెర్మ అంటాం. కోక్ అంటే కొమ్ములు. అందుకే ఇది పెర్మకోక్ ఆట. బయటివాళ్లు కొమ్ము డ్యాన్స్ అంటారు, కొమ్ము నృత్యం అని బ్యానర్ల మీద రాస్తారు.

అడవిదున్నకు ఈ కొండలతో ఉన్న సంబంధం తెల్లవాళ్ల కంటికి కూడా ఆనింది. పాపికొండలను వాళ్లు బైసన్ హిల్స్ అనే పిలిచారు. 1941లో ఇక్కడికి వచ్చిన హైమెండార్ఫ్ మా పొరుగువాళ్లయిన కొండరెడ్ల గురించి 1945లో వేసిన పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. శబరి అవతల బస్తర్‌లో మాకు చుట్టరికం ఉన్న మరియాలను గ్రిగ్సన్ 1938 నాటి పుస్తకంలో తలమీది కొమ్ములను బట్టే ‘బైసన్ హార్న్ మరియా’లు అన్నాడు. రాష్ట్రాల సరిహద్దులు తర్వాత గీసినవి. చింతూరులో మోగే డోలుకు సుక్మాలోనూ మల్కన్‌గిరిలోనూ అడుగులు పడతాయి.

ఆట ఎలా ఉంటుందో చూడని వాళ్ల కోసం చెబుతాం. మగవాళ్ల తలపాగాకు రెండు పక్కలా కొమ్ములు, వాటి మధ్య నెమలి ఈకల కట్ట ఉంటాయి. మెడలో పొడవాటి డోలు వేలాడుతుంది. పులివేషానికి డప్పు కొట్టేవాడు వేరు, ఆడేవాడు వేరు. మా దగ్గర డోలు కొట్టేవాడే దున్న. అంత బరువు మోస్తూ, వాయిస్తూ, అడుగు తప్పకుండా తిరగాలి. ఆడవాళ్లు చేతులు కలుపుకుని వరుస కట్టి రేల పాట అందుకుంటారు. కాలి గజ్జెలు వాళ్లవే, పాట వాళ్లదే, వరుస ఎటు తిరగాలో తెలిసేదీ వాళ్లకే. పాట సాగుతుండగా ఇద్దరు మగవాళ్లు గుంపులోంచి విడివడతారు. తల దించుతారు, కాలితో నేల దువ్వుతారు, ఒకరి చుట్టూ ఒకరు తిరిగి కొమ్ముకు కొమ్ము తగిలిస్తారు. డోలు వేగం మారుతుంది. చూసే పిల్లలు వెనక్కి జరుగుతారు. ఈ పోట్లాటే ఆటకు ప్రాణం. అడవిలో మగదున్నలు తలపడే తీరు కళ్లారా చూసిన వాళ్లు కూర్చిన ఆట అని చూడగానే తెలుస్తుంది.

ఈ ఆటకు ఒక కాలం ఉంది. పండుగను మేము పండుం అంటాం. మామిడి తినడానికి ఒక పండుం, చిక్కుడు తినడానికి ఒక పండుం. వీటన్నిటిలో పెద్దది విత్తనాలకు ముందు ఎండాకాలంలో వచ్చే విజ్జ పండుం, తెలుగులో భూమి పండుగ. ఊరి పూజారి భూమికి, విత్తనానికి పూజ చేస్తాడు. మగవాళ్లు అడవికి వెళతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు కర్ర పెట్టి వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. మారేడుమిల్లి, చింతూరు రోడ్డు మీద ఆ రోజుల్లో వెళ్లిన ప్రయాణికులకు ఇది బాగా తెలుసు. కొందరు విసుక్కుంటారు కూడా. రాత్రిళ్లు ఆట. పెళ్లిళ్లలో కూడా ఆడతాం. కానీ పెళ్లయినా పండుగయినా పిలిచేది ఊరే.

మొదటి మార్పు కొమ్ముల దగ్గర వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అడవిదున్న మొదటి షెడ్యూల్‌లో చేరింది. 1978లో పాపికొండలు అభయారణ్యం అయ్యాయి, 2008లో జాతీయ పార్కు. పండుగ వేట ఇప్పుడు చాలాచోట్ల పేరుకే మిగిలింది. దున్నలు బతకడం మంచిదే, అందులో మాకు పేచీ లేదు. అయితే తాతల నాటి కొమ్ము విరిగితే దాని స్థానంలోకి కొత్తది రాదు. అందుకని ఉన్నవాటిని గుడ్డ చుట్టి దాచుకుంటున్నారు, లేనివాళ్లు చెక్కతో చేయించుకుంటున్నారు. బడి పిల్లలకైతే అట్టముక్కే కొమ్ము. ఇది చూసి ‘అసలుది పోయింది’ అని నిట్టూర్చే పరిశోధకులు ఉన్నారు. మేము వాళ్లతో ఏకీభవించం.

ఎందుకో చెప్పడానికి చైనా సింహం ఆట దాకా వెళ్లాలి. టీవీలో చాలామంది చూసే ఉంటారు, ఒకే వేషంలో ఇద్దరు దూరి ముందు కాళ్లూ వెనక కాళ్లూ అయి ఆడతారు. కోల్‌కతా చైనావాళ్ల పేటల్లో కొత్త సంవత్సరానికి ఇప్పటికీ ఆడతారు. చైనా అడవుల్లో సింహమే లేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో పడమటి రాజ్యాలు చక్రవర్తికి కానుకగా పంపితే అక్కడివాళ్లు దాన్ని చూశారు. తాంగ్ వంశం నాటి కవి బై జుయి కవితలో సింహవేషానికి చెక్క తల, పట్టు దారాల తోక. అంటే వెయ్యేళ్లకు పైగా అది చెక్క సింహమే. దాన్ని నకిలీ అని ఎవరూ అనలేదు. మన చెక్క కొమ్ముకు మాత్రం ఆ అనుమానం ఎందుకు?

ఆ సింహమూ మారింది. దక్షిణ చైనాలో కుస్తీ విద్య నేర్పే బడుల చేతికి వచ్చింది, వలస వెళ్లిన వాళ్లతో మలేషియా, సింగపూర్ చేరింది. మలేషియాలో ఎత్తయిన స్తంభాల మీద ఒకదాని నుంచి ఒకదానికి దూకే ఆటగా పెరిగింది. అక్కడి గెంటింగ్‌లో 1994 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. ఒకప్పుడు మగవాళ్లకే పరిమితమైన ఆటలో ఆడపిల్లల జట్లు వచ్చాయి. ఇంత మారినా కొత్త సంవత్సరం వస్తే సింహం వీధిలోకి వస్తుంది, దుకాణం గుమ్మంలో వేలాడదీసిన ఆకుకూరను నోట పట్టుకుంటుంది. పోటీ వేరు, పండుగ వేరు. రెండూ బతికాయి.

మా దగ్గర తేడా ఇక్కడ వచ్చింది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం, ఐటీడీఏ సభలు, మంత్రుల రాక, హెలిప్యాడ్ పక్కన స్వాగతం. కొమ్ములు లేకుండా ఏ కార్యక్రమమూ మొదలవడం లేదు. రాత్రంతా సాగే ఆటను పది నిమిషాలకు కుదిస్తారు. అందులో ముందుగా పోయేది పోట్లాట. అతిథి కారు దిగి నడిచి వచ్చేటప్పుడు దున్నలు అతిథి ముందు వెనక్కి నడుస్తూ డోలు కొట్టాలి, ఇదీ ఇప్పటి వరుస. ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీర. రేల పాట మైకులో వినపడదు. నాయకుడి తలకు కొమ్ములు పెట్టి ఫోటో తీస్తారు, మర్నాడు పేపర్లో అదే వస్తుంది.

దీన్ని పూర్తిగా తిట్టలేం. ఆ కూలి డబ్బు కుటుంబానికి పనికొస్తుంది. పట్నం చూడని పిల్ల వేదిక ఎక్కుతుంది. సిగ్గుపడి కొమ్ములు అటక మీద పడేసిన కుర్రవాళ్లు మళ్లీ దించారు. మా వంశాల చరిత్ర పాడే డోలి కోయల్లోంచి సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా తమకే వచ్చినట్టు సంబరపడింది. 2024లో ఆయన పోయారు. వారి డోలి గురించి వేరే వ్యాసమే రాయాలి. మా అభ్యంతరం ఒక్కటే. విజ్జ పండుం రోజున జట్టు వేరే ఊరి సభలో ఉంటే, ఊళ్లో డోలు ఎవరు కొట్టాలి?

ఇప్పుడు ఆ ఊరే కదులుతోంది. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రలో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం తూర్పు గోదావరికి, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి వచ్చాయి. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. ఆ జూలైలోనే భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, దిగువ ఊళ్లు మునిగాయి. జలాశయంలో నీరు 45.72 మీటర్లకు చేరితే ఆడిన నేల చాలాచోట్ల అడుగున ఉంటుంది. పునరావాస కాలనీలో ఇల్లు ఇస్తారు, రోడ్డు వేస్తారు. భూమి పండుగకు పూజ చేసే చోటు, వరుస తిరగడానికి సరిపడే ఖాళీ నేల ప్లానులో ఉండవు. ఒకే ఊరివాళ్లను రెండు మూడు కాలనీలకు పంపితే డోలు ఒకచోట, పాట తెలిసిన ముసలమ్మ ఇంకోచోట.

కాలనీల గ్రామసభల్లో ఇళ్ల లెక్క, పరిహారం లెక్క అడుగుతున్నాం. అదే కాగితం మీద ఆట నేల కూడా రాయించమని పెద్దలను కోరుతున్నాం. వరుసకు నలభై మంది తిరిగే ఖాళీ చాలు, సిమెంటు వద్దు. మట్టి ఉండాలి, దున్న కాలు దువ్వడానికి.