‘అమాయకులు’ అన్న మాట వెనుక

మా హాస్టల్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి ‘మా తండా’ అని వ్యాసం రాసి చూపించింది. మొదటి వాక్యమే "మా తండావాళ్లు అమాయకులు" అని ఉంది. ఎందుకట్ల రాశావని అడిగితే, "పేపర్ల అట్లనే రాస్తరు కద మేడం" అంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట గురించి మీతోనూ కొంచెం మాట్లాడాలనిపించింది.

మాయ అంటే కపటం. అది లేనివాడు అమాయకుడు. అంటే ఇది మంచి గుణాన్ని చెప్పే మాట. వాడుకలో రాను రాను ‘లోకం తెలియనివాడు, ఎవరేం చెప్పినా నమ్మేవాడు’ అయింది. నేరం చేయనివాడికి మాత్రం ‘నిర్దోషి’ అని వేరే మాట ఉంది.

ఆ రెండో మాట గిరిజనులకు చాలాకాలం దక్కలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఎరుకల వంటి ఎన్నో జాతులను పుట్టుకతోనే నేరస్థులని రాసింది. రిజిస్టర్లో పేరు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే పాసు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. నిన్న నేరస్థులన్నారు, నేడు అమాయకులంటున్నారు. రెండూ మనల్ని అడిగి పెట్టిన పేర్లు కావు.

మన లంబాడీ పెద్దలు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి, మొఘల్ సైన్యాలకు సైతం తిండి గింజలు అందించారు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ధర్మాపురం లంబాడీ రైతులు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించారు. జోడేఘాట్‌లో కుమురం భీం 1940లో ప్రాణమిచ్చాడు. వీళ్లు లోకం తెలియనివాళ్లా? వాళ్లకు అందనిది కాగితం ఒక్కటే. ‘అమాయకులు మోసపోయారు’ అని రాసినప్పుడల్లా తప్పు మోసపోయినవాడి మీదికే పోతుంది, మోసం చేసినవాడు చాటున ఉండిపోతాడు.

జిన్నారం చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాక భూమి విలువ మీకు చెప్పనక్కర లేదు. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది, మన తండాలకు ఆ రక్షణ లేదు. కానీ భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మినా, కొన్నా చెల్లదని 1977 నాటి 9వ చట్టం చెబుతుంది. ఇంట్లో ఎవరైనా వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం మీరు చదివి వినిపించండి.

ఆ అమ్మాయి తన వాక్యం తానే మార్చుకుంది: "మా తండావాళ్లు మోసం చేయరు. మోసపోకుండా ఉండడానికి నేను చదువుకుంటున్నాను."