కొల్లేరు ఎక్కడి దాకా?

కొల్లేరు ఎంత పెద్దదని అడిగితే ఒక్క జవాబు రాదు. సముద్రమట్టానికి పదడుగుల ఎత్తున గీత గీస్తే సుమారు 900 చదరపు కిలోమీటర్లు, మూడడుగుల దగ్గర గీస్తే 135కు అటూ ఇటూ. అంత చదును ఎలా వచ్చిందో భూస్వరూప శాస్త్రం చెబుతుంది: కృష్ణా గోదావరులు వేల ఏళ్లు ఒండ్రు పోసి చెరోపక్కా డెల్టాలు కట్టుకుంటే, నడుమ పూడకుండా మిగిలిన పల్లం ఇది. అయితే పల్లమొక్కటే సరస్సు కాదు. అందులోకి ఏ నెలలో ఎంత నీరొస్తుందన్నది రుతుపవనాల లెక్క. బుడమేరు, తమ్మిలేరు దింపే వరదలో ఉప్పుటేరు ఎంత సముద్రానికి మోయగలదన్నది జలవిజ్ఞానం లెక్క. కొల్లేటి కష్టాల్లో చాలామటుకు, ఈ శాఖల్లో ఏదో ఒకదాని లెక్కనే పూర్తి లెక్కగా తీసుకోవడం వల్ల వచ్చినవేనని నా వాదన.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. అవి డెల్టాకు అన్నం పెట్టాయి, సందేహం లేదు. కానీ కొల్లేటి వాలున పండే మడుల మిగులు నీరు మురుగుకాలవలు పట్టి ఈ పల్లానికే చేరాలి. దాంతోపాటు మట్టీ, తర్వాత్తర్వాత ఎరువులూ వచ్చిపడ్డాయి, గుర్రపుడెక్క బలిసింది. ఆపైన చేపల చెరువులు. గట్టుకి మట్టి ఎక్కడినుంచో తోలక్కర్లేదు, చెరువు అడుగునుంచే తీసి చుట్టూ పోస్తారు. నల్లటి బంకమన్ను కనుక నీరు తొందరగా ఇంకదు. నేల గుణం ఒక్కటే చూస్తే ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. వరద రోజుల్లో ఉప్పుటేరు వైపు పోయే నీటికి అదే గట్టు అడ్డం.

1999లో అయిదో కాంటూరు, అంటే అయిదడుగుల గీత వరకు అభయారణ్యమన్నారు, 2006లో గట్లు తెగ్గొట్టారు. గీతను మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. వేసవిలో చుక్క నీరుండని పొలం సరస్సెలా అవుతుందని లంక గ్రామాలవాళ్లు అడుగుతారు. జిరాయితీ పట్టా ఉన్న రైతుకు పరిహారం దక్కాలన్న మాటను కాదనలేం. అది న్యాయం సంగతి, దాన్ని తేల్చకుండా పక్షుల పేరు చెప్పి దాటేయడం నాకు నచ్చదు. నేల సంగతి వేరు: ఏప్రిల్‌లో ఎండిన ఆ చెక్కే సెప్టెంబరు వరదను పట్టి ఉంచేది. ఉప్పుటేరు పూడిక తీస్తే గీత గొడవే ఉండదనేవారూ ఉన్నారు. తీయాల్సిందే. అయితే ఏరు లోతయ్యేకొద్దీ వేసవి పోటుకి ఉప్పునీరు మరింత పైకి ఎగదన్నుతుంది, వరి, మంచినీటి చేప రెండూ దెబ్బతింటాయి. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న డిమాండు వచ్చింది అందుకే.