గిన్నెలో మొలిచిన మూలుగ

మెల్‌బోర్న్, 1960ల నడుమ. ఇంక్యుబేటర్‌లోంచి గిన్నెలు ఒక్కొక్కటే తీసి మైక్రోస్కోపు కింద పెడుతున్నాడు పరిశోధకుడు రే బ్రాడ్లీ. ఆయన పెంచాలనుకున్నవి చిట్టెలుకల లుకేమియా కణాలు. సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌ను పల్చగా కరిగించి, గడ్డకట్టే లోపు అందులో కణాలు కలిపాడు. వాటికి ఆసరాగా ఉంటుందని కాస్త ఎముక మూలుగను కూడా చేర్చాడు. తీరా చూస్తే, ఆసరాకు వేసిన మూలుగ కణాలే గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి!

అనుకున్నది జరగలేదని ఆ గిన్నెలు కడిగేసి ఉంటే కథ అక్కడితో సరి. బ్రాడ్లీ వాటిని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కు, డొనాల్డ్ మెట్‌కాఫ్ దగ్గరికి పట్టుకెళ్లాడు. అప్పటికి మెట్‌కాఫ్ ధ్యాసంతా థైమస్ గ్రంథి మీద. గుంపుల్లో ఉన్నవి తెల్లకణాలనీ, సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌లనీ పోల్చుకున్నాక ఆ పని పక్కన పెట్టేశాడు. మిగిలిన జీవితం ఈ గుంపులకే ఇచ్చాడు. ఇద్దరి పరిశోధన పత్రం 1966లో వచ్చింది. అంతకు ఏడాది ముందే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ప్లుజ్నిక్, సాక్స్ కూడా, వీళ్లతో సంబంధం లేకుండానే, ఇలాంటి గుంపులు పెంచారు.

అగర్‌లో కణం కదలలేదు. కాబట్టి ఒక్కో గుంపు ఒక్క కణం సంతానమే. గుంపుల్ని లెక్కపెడితే మూలుగలో తల్లికణాలెన్నో తెలుస్తుంది. రెండో సంగతి ఇంకా పెద్దది. పక్కనున్న వేరే కణాలు విడుదల చేసే పదార్థమేదో అందకపోతే ఈ తల్లికణాలు పెరగనే పెరగవు. నెత్తురు తయారవ్వాలంటే ఒంట్లో ఎక్కడినుంచో ఆజ్ఞ రావాలన్నమాట.

ఆ ఆజ్ఞకు మూలుగ సరిగ్గా పలకని రోగులు ఆసుపత్రుల్లో ఉన్నారు. అరవై దాటిన మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ పడిపోతుంటుంది, ఐరన్ మాత్రలకూ బి12 సూదులకూ లొంగదు. తుంటి ఎముకలోకి సూది దింపి మూలుగ తీస్తే అక్కడ చాలాసార్లు కరువేమీ ఉండదు, నిండా కణాలే. అవి పక్వానికి రాకుండానే చచ్చిపోతున్నాయి. 1950ల్లోనే డాక్టర్లు దీన్ని ‘ప్రీలుకేమియా’ అన్నారు. కానీ ఆ మాట ధైర్యంగా అనగలిగేది లుకేమియా వచ్చాక, వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడే. కొందరికి నెలల్లో ముదిరేది. కొందరు రక్తం ఎక్కించుకుంటూ ఏళ్లు గడిపేవారు. ఈయనది ఏ దారి అని ఇంటివాళ్లు అడిగితే డాక్టరు దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడం ఆ ఇంటికి ఎంత నరకం!

1970లో అదే మెల్‌బోర్న్ సంస్థలో పైక్, రాబిన్సన్ మనిషి మూలుగను అగర్‌లో పెంచారు. మరుసటి ఏడాది అమెరికాలో పీటర్ గ్రీన్‌బర్గ్ బృందం లుకేమియా, ప్రీలుకేమియా రోగుల మూలుగ ఇలా ఎలా పెరుగుతుందో ప్రకటించింది. అడుగున తెల్లకణాలు కలిపిన పొర, దానిమీద రోగి మూలుగ పొర. 37 డిగ్రీల వెచ్చదనం. వారం, రెండు వారాల నిరీక్షణ. తర్వాత గిన్నెను మైక్రోస్కోపు కింద కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో గుంపులో కణాలెన్నో లెక్కపెట్టాలి. ఆరోగ్యవంతుల మూలుగలో నలభైకి పైగా కణాలున్న నిండు గుంపులు లేచేవి. చాలామంది ప్రీలుకేమియా రోగుల్లో అవి తగ్గిపోయి, కొద్దిపాటి కణాల బుల్లి గుంపులే కనబడేవి. ఒక్కోసారి అవీ లేవు. నీరూ ఎరువూ అందినా రెండాకుల దగ్గరే ఆగిపోయిన నారుమడి అది. ఇలాంటి ఎదుగుదల ఉన్నవారే లుకేమియా వైపు ఎక్కువగా మళ్లుతున్నారని 1970ల అధ్యయనాల్లో తేలుతూ వచ్చింది. ఇంటివాళ్ల ప్రశ్నకు సగమైనా జవాబు దొరికింది. రోగి వైపు నుంచి చూస్తే ఇది చాలా పెద్ద మేలని నేననుకుంటాను.

అయితే ఒక ల్యాబ్ లెక్క ఇంకో ల్యాబ్‌తో పొసగేది కాదు. క్రమంగా క్రోమోజోముల పరీక్ష ముందుకొచ్చింది, జబ్బు పేరూ మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌గా మారింది. మూలుగలో పసికణాల శాతం, క్రోమోజోముల తీరు, రక్తకణాల తగ్గుదల చూసి ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ స్కోరు 1997లో వెలువడింది. దాన్ని రూపొందించిన బృందానికి ముందు నిలిచింది ఈ గ్రీన్‌బర్గే.

ఇక మూలుగకు అందాల్సిన ఆ ఆజ్ఞ సంగతి. దాన్ని మోసుకొచ్చే ప్రోటీన్లు ఒంట్లో అతి స్వల్పం. వాటిని శుద్ధిచేయడానికి మెట్‌కాఫ్ బృందానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. వాటిలో ఒకటైన జి-సీఎస్‌ఎఫ్ 1991లో అమెరికాలో మందుగా వచ్చింది. 2001లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దాన్ని ‘గ్రాఫీల్’ పేరుతో తెచ్చింది. కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయినవాళ్లకు ఇచ్చే సూది అది.

మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ రోగుల్లో కొందరికి అది తెల్లకణాలను పెంచుతుంది గానీ తల్లికణంలో పడ్డ లోపాన్ని సరిచేయదు. పూర్తిగా నయం చేయగలిగింది దాత మూలకణాల మార్పిడి ఒక్కటే. వయసు మళ్లిన చాలామంది ఒళ్లు దానికి తట్టుకోదు. అందుకే ల్యాబుల్లో ఇవాళ్టికీ రోగుల మూలుగను గిన్నెల్లో పెంచుతున్నారు. ఏ జన్యువు దెబ్బతిన్న తల్లికణం ఏ మందుకు లొంగుతుందో, అదే మందును తట్టుకుని పక్కనున్న మంచి కణం బతుకుతుందో లేదో గుంపులు లెక్కపెట్టి చూస్తున్నారు.